ఎనిమిదో రోజు గొట్టం

పట్టీ బిగించొద్దు. సన్నసూది వద్దు.
మొదటి గొట్టం పారబొయ్యాలి.
ఐలా ఈ మూడు నియమాలూ తనలో తనే వల్లించుకుంటూ
నా మోచేతి మడతని వేలితో తడుముతుంది
చీకట్లో స్విచ్చి వెతికినట్టు.

డండీలో నవంబరు. నాలుగు కాకుండానే పొద్దు గూకింది.
కిటికీ అవతల టే నది ఉందని నమ్మాలి, కనపడదు.

"ప్లేట్‌లెట్లకి బెదురెక్కువ," అంటుంది,
"కాస్త మోటుగా తాకితే చాలు, లోపలున్నదంతా కక్కేస్తాయి."
నేను అలాంటిదాన్ని కాను.
నాలుగు నెలలుగా ఎవరు కదిపినా
ఏమీ కక్కలేదు.

ఇక్కడ నా పేరు నలభై ఏడు.
పేరున్న చోట, అంటే ఫోన్లో, చెల్లెలు అడుగుతుంది
"వొంట్లో బాగుందా?"
మనవాళ్ళు ఆ ప్రశ్న ఒంటికే వేస్తారు.
జ్వరం లేదు, నొప్పి లేదు,
బాగుందన్నాను. అబద్ధం కాదు.
పళ్ళు తోముకోడానికి లేవాలంటే గంట పడుతోందా
అని ఎవరడుగుతారు?

ఓసారి నోరు జారి రక్తపరీక్ష అన్నాను, ప్లేట్‌లెట్స్ అన్నాను.
"ఏటీ, డెంగీయా? ఆ చలిలో దోమలేటే?
కౌంటెంత? బొప్పాసాకు రసం తాగు.
చెట్లు లేకపోడవేటి, సరిగ్గా చూసుండవు."
రెండు లక్షల డెబ్భై వేలు, చెప్పాను.
హమ్మయ్య అంది.
లెక్క సరిపోతే మనిషి సరిపోయినట్టే.

లెక్క కాదే వాళ్ళకి కావలసింది, అని చెప్పలేకపోయాను.
ప్లేట్‌లెట్ అంటే ఓ చిన్న గోనెసంచి అని,
నెత్తుట్లో తిరుగుతూ సెరటోనిన్ని ఏరుకుని మూట గట్టుకుంటుందని,
దాని తలుపూ, మెదడులో నరానికున్న తలుపూ
ఒకే వడ్రంగి చేసినవని,
పుర్రె తెరిచి చూడలేరు గనక
ఈ గుమ్మానికి చెవి ఆనించి వింటున్నారని.
మాత్ర పనిచేసిందో లేదో తెలియడానికి ఆరు వారాలాగాలి.
వీళ్ళు వారంలోనే నెత్తుర్ని అడుగుదామంటున్నారు.
అది జవాబిస్తుందో లేదో వాళ్ళకీ ఇంకా తెలీదు.

గోనెసంచి అని ఊరికే అనలేదు.
ఒకప్పుడు ఈ ఊరు మనవైపు జనపనారని సంచులుగా నేసింది.
నెల్లిమర్ల మిల్లులో మా నాన్నా అదే నేశాడు.
ఆయన దగ్గుకి పేరుంది, కార్డుంది, డాక్టరున్నాడు.
సాయంత్రాలు గోడకేసి చూస్తూ కూచునేదానికి మాత్రం
"అలిసిపోయాడు" అనేవాళ్ళం.
అలిసిపోయే చనిపోయాడు.

ఎనిమిదో రోజు, రెండో పరీక్ష.
గొట్టాన్ని మెల్లగా తిప్పుతారట. ఎర్రదంతా అడుక్కి దిగాక
పైన గంజితేటలా లేతపసుపు నీరు,
అందులో నావి.
ఫ్రిజ్‌లో పెట్టరు, చలి పడదు వాటికి.
ఈ దేశంలో ఎవరో ఒకరికి చలి పడదని
మొత్తానికి ఒప్పుకున్నారు.

"ఏం చెప్పింది నా నెత్తురు?"
"నీకు చెప్పకూడదు. నాకూ చెప్పరు."
ఐలా దూది అదిమి పట్టుకుంది.
"ఈ మాత్రతో నెత్తురు ఆగడం ఆలస్యం కావచ్చు. నొక్కి ఉంచు."

తరవాత ఎన్ని రోజులో లెక్కపెట్టలేదు.

నిన్న రాత్రి వేలు తెగింది.
పెద్దగా కాదు, చూపుడువేలి కొస.
కుళాయి కింద పెట్టి గడియారం చూశాను.
రెండు నిమిషాలు. నాలుగు. ఎర్రదారం తెగదే!
ఆరు దాటాక సన్నబడింది.
తలుపు మూసుకుందన్నమాట.
సంచులు ఖాళీగా తిరుగుతున్నాయన్నమాట.
మాత్ర ఇక్కడిదాకా వచ్చింది.
పైదాకా వెళ్ళిందో లేదో
వేలు ఎలా చెబుతుంది?

గుడ్డ చుట్టుకుని వెనక్కి తిరిగితే
చెక్కపలక మీద సగం తరిగిన ఉల్లిపాయ.
పక్కన గిన్నెలో కడిగిన కందిపప్పు.
ఎప్పుడు మొదలెట్టానో గుర్తులేదు.
వండుకోమని నాకెవరూ చెప్పలేదు.

మిగతా సగం, ఆ వేలు ఎత్తిపెట్టుకుని,
వంకరటింకరగా తరిగాను.